ఇరవైకి సున్నా

"ఇంకో రొట్టె వెయ్యమంటావా, ఆ కాగితంతోనే కడుపు నింపుకుంటావా?" అంది ఎర్మీనియా.

నిన్న పరీక్షా కేంద్రం నుంచి తెచ్చిన మార్కుల కాగితాన్ని ఉప్పుడబ్బా కింద పెట్టి, దాని వంకే చూస్తూ కూర్చున్నాడు ఆమె కొడుకు ఆబెల్. ముప్ఫై తొమ్మిదేళ్ళ మనిషి, మూడోసారి తప్పాడు.

"పన్నెండేళ్ళ వయసు నుంచి మట్టిలో గొట్టాలు వేస్తున్నాడు నా కొడుకు," అంది తల్లి పెనం వైపు తిరిగి. "శాన్ ఆంటోనియోలో సగం పెరళ్ళు వీడి చేతి నీళ్ళే తాగుతున్నాయి. అలాంటివాడు తప్పాడంటే లోపం వాడిలో ఉండదు. చదివించిన వాళ్ళలో ఉంటుంది."

చదివించిన మనిషి అక్కడే, కుళాయి దగ్గర కప్పులు కడుగుతోంది.

"నా పేరు పెట్టే అనండి అత్తయ్యా. పెనానికి చెప్పడం ఎందుకు?" అంది దేలియా.

"పెనమైతే నయం. ఎదురు చెప్పదు."

"మీ కొడుకు కూడా చెప్పడు. అదే వచ్చిన చిక్కు."

ఆబెల్ కుర్చీ వెనక్కి జరిపాడు. సెర్నా ఇంటి మగవాళ్ళకి బాధ కలిగితే అరవడం చేతకాదు, ఏదో ఒక పని వెతుక్కుంటారు. అతను టోపీ తీసుకుని బయట బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. పెనం మీద రొట్టె పొంగి, మాడి, వాసన వచ్చేదాకా ఎర్మీనియా తిప్పలేదు.

ముందు గదిలో కిటికీ పక్కన పెద్దాయన ఫిదెన్సియో ఇదంతా వింటూనే ఉన్నాడు. కిందటేడు మార్చిలో పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన కుడిచెయ్యి ఒళ్ళోనే పడి ఉంటుంది. మాట ఒక్కొక్కటిగా, గొంతుకి అడ్డంపడి వస్తుంది. చెవులకి మాత్రం ఏ లోపమూ లేదు.

తోటలకి, పచ్చికబయళ్ళకి నీటి గొట్టాలు వెయ్యాలంటే ఈ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న మనిషి ఉండి తీరాలి. గీసిన ప్రతి నక్షా మీదా అతని ముద్ర పడాలి, బండి తలుపుల మీద అతని నెంబరు ఉండాలి. సెర్నాల బండి మీద ముప్ఫై ఏళ్ళుగా ఫిదెన్సియో నెంబరు ఉంది. ఏడాదిన్నరగా ఆయన ఎడంచేత్తో ముద్ర వేస్తుంటే ఆబెల్ పని చేయిస్తున్నాడు. ఆ లైసెన్సు గడువు ఇంకో తొమ్మిది రోజులు. పొడిగించుకోవాలంటే మళ్ళీ తరగతులకి వెళ్ళి కూర్చోవాలి. గంటసేపు నిటారుగా కూర్చోలేని మనిషికి అది అయ్యే పని కాదు.

ఈ శుక్రవారం ఇంకొక్క పరీక్ష ఉంది. అది కూడా పోతే నెలాఖరు తర్వాత ఆ బండి గేటు దాటడానికి వీల్లేదు.

దేలియా చేతులు తుడుచుకుని ఉప్పుడబ్బా పక్కకి జరిపింది.

"చూడు, చూడు," అంది అత్తగారు. "నీ పాఠాల ప్రతాపం నువ్వే చూసుకో."

చూసింది. నిన్నటి నుంచి ఆ కాగితాన్ని ఆమె ముట్టుకోలేదు, ముందు రెంటినీ కూడా చదవలేదు. 'తప్పాడు' అన్న మాట తర్వాత ఇంక చదవడానికి ఏముంటుందనుకుంది. ఇప్పుడు ఒక్కో భాగం వేలు పెట్టి చదివింది. గొట్టాల్లో నీటి ఒత్తిడి, ఇరవైకి పంతొమ్మిది. వైర్లు, వాల్వులు, ఇరవైకి ఇరవై. తోట నీళ్ళు వెనక్కి మళ్ళి మంచినీళ్ళలో కలవకుండా చూడడం, ఇరవైకి ఇరవై. నీళ్ళు పొదుపుగా పెట్టే వేళలు, ఇరవైకి సున్నా.

ఏదో ఒక్క భాగం పోయినా మొత్తం పోయినట్టే. అది ఆమెకి తెలుసు. కానీ సున్నా ఏమిటి?

ఆ భాగం ఆబెల్ కి నోటికి వచ్చు. పద్నాలుగు నెలలుగా భోజనాలయ్యాక ఇదే బల్ల దగ్గర ఆమె చీటీలు తీసి అడిగేది, అతను పళ్ళ సందుల్లో పుల్ల పెట్టుకుని చెప్పేవాడు. నల్లమట్టి వాలు మీద పద్దెనిమిది నిమిషాల నీళ్ళు పెట్టాలి, ఎలా పెడతావు? అంతా ఒక్కసారే పెడితే ఇంకదు, వీధిలోకి పారిపోతుంది. ఆరు నిమిషాలు పెట్టి ఆపాలి, గంటసేపు నాననివ్వాలి, మళ్ళీ ఆరు, మళ్ళీ ఆరు. రోజూ కొంచెం కొంచెం పెట్టకూడదు, వేళ్ళు పైపైనే ఉండిపోతాయి. వారానికోసారి లోతుగా తడపాలి. నీడలో ఉన్న గడ్డినీ ఎండలో ఉన్న గడ్డినీ ఒకే వాల్వుకి కట్టకూడదు. ఒక్కటంటే ఒక్కటి తప్పేవాడు కాదు.

పోనీ కంగారులో అన్నీ మర్చిపోయాడనుకుందాం. కంప్యూటరు తెర మీద ప్రతి ప్రశ్నకీ నాలుగు జవాబులిస్తారు. కళ్ళు మూసుకుని నొక్కినా నాలుగో అయిదో తగలాలి. చదువురాని వాడికి కూడా సున్నా రాదు.

దేలియా సొరుగు లాగింది. ఫిబ్రవరి కాగితం తీసింది. వేళల భాగం, ఇరవైకి సున్నా. మే నెల కాగితం తీసింది. అక్కడా సున్నాయే.

అప్పుడు ఆమెకి అర్థమైంది. ఇరవైకి సున్నా రావాలంటే ఇరవై సరైన జవాబులూ తెలిసి ఉండాలి.

"ఏమైంది?" అంది ఎర్మీనియా. కోడలి ముఖం చూసి పెనం కింద మంట తగ్గించింది.

దేలియా మూడు కాగితాలూ పట్టుకుని వెనక తలుపు తీసుకుని బయటికి నడిచింది.

పదిన్నరకే ఎండ పేలిపోతోంది. మెస్కీట్ చెట్టు మీద కీచురాళ్ళు ఒకటే రొద. ఆబెల్ బండి వెనక రేకు తలుపు దించి దాని మీద కూర్చున్నాడు. బురద పట్టిన స్ప్రింక్లర్ మూతిని పాత పళ్ళ బ్రష్షుతో తోముతున్నాడు.

"ఆ వేళల భాగంలో నీకెన్ని తెలిశాయి?" అని అడిగింది.

"ఏ భాగం?"

"నాతో నాటకాలాడకు ఆబెల్. ఎన్ని తెలిశాయి?"

అతను మూతిని ఎండకెత్తి రంధ్రంలోంచి చూశాడు. మళ్ళీ తోమాడు.

"అన్నీ," అన్నాడు.

దేలియా కాగితాలు రేకు మీద పెట్టింది. గాలికి ఎగిరిపోకుండా అతనే వాటి మీద ఓ వాల్వు పెట్టాడు. అలాంటి విషయాల్లో మనిషి చాలా జాగ్రత్త.

"ఎందుకు?"

"ఒల్గా త్రెవీన్యో గారి పెరడు గుర్తుందా?"

గుర్తులేకపోవడమేం. కిందటేడు ఫిబ్రవరిలో, నీళ్ళకి కరువొచ్చి ఇంటికి వారానికో రోజే తడుపుకోవాలని ఊళ్ళో ఆంక్ష పెట్టినప్పుడు, ఆవిడ వాకిలి ముందు నీళ్ళు కాలవ కట్టి పారుతున్నాయని నోటీసు వచ్చింది. టైమరు పెట్టె మీద ఫిదెన్సియో పేరు, నెంబరు ఉన్నాయి. పెట్టెలో ఆయన పెట్టిన వేళలే ఉన్నాయి. తెల్లారి లేవగానే, ప్రతి రోజూ, ప్రతి వాల్వూ పదిహేను నిమిషాలు. ఆయన ముప్ఫై ఏళ్ళుగా ప్రతి ఇంట్లోనూ పెట్టిన లెక్క అదే.

"ఆవిడ అడిగింది, ఇలా ఎందుకైందని," అన్నాడు ఆబెల్. "నాన్న నోరు తెరిచే లోపే నేను చెప్పేశాను. 'నాన్న లెక్క పాతదండీ, ఈ మట్టికి అది మొదట్నించీ తప్పే' అన్నాను. ఆవిడ ముందు. పనివాళ్ళిద్దరి ముందు. నాన్న ఒక్క మాట అనలేదు. టోపీ పెట్టుకుని వెళ్ళి బండిలో కూర్చున్నాడు. నేను పని ముగించుకుని వచ్చేదాకా అద్దాలు కూడా దించుకోకుండా కూర్చున్నాడు."

"తెలుసు. చెప్పావు."

"ఆ తర్వాత పదిహేడో రోజున పడిపోయాడు."

"డాక్టరు రక్తపోటు అన్నాడు."

"డాక్టరు ఆ రోజు అక్కడ లేడుగా."

దేలియా బండికి ఆనుకుంది. రేకు వీపుకి చురుక్కుమంది. అయినా కదల్లేదు.

"అక్కడ కూర్చుంటాను," అన్నాడు అతను. "ప్రశ్న వస్తుంది. సరైన జవాబు కనిపిస్తూనే ఉంటుంది. దాని కిందో పైనో నాన్న జవాబు కూడా ఉంటుంది. ఎవడు రాశాడో గాని, మా నాన్నని ఎరిగినవాడే రాసినట్టుంటాయి. రోజూ పెట్టు, ఒక్కసారే పెట్టు, అన్నిటికీ ఒకటే లెక్క. సరైనది నొక్కాలంటే ఆ రోజు ఆవిడ వాకిట్లో అన్న మాటే మళ్ళీ అన్నట్టుంటుంది. ఇరవైసార్లు. నావల్ల కాదు దేలియా. నాన్న జవాబే నొక్కి వస్తాను."

"పరీక్ష అది. మీ నాన్న చూడరు."

"నేను చూస్తాగా."

ఆమెకి అతని మీద జాలి వేసింది. వెనువెంటనే ఒళ్ళు మండింది.

"మరి నేనెవర్ని?" అంది. "పద్నాలుగు నెలలు నన్నెందుకు కూర్చోబెట్టావు? బడి లైబ్రరీలో ఉద్యోగం మానుకుని వచ్చి ఇక్కడ ఫోన్లు ఎత్తుతున్నాను, నక్షాలు గీస్తున్నాను. చీటీలు రాసి రాసి వేలు కాయ కాసింది. నువ్వు జవాబు చెప్పినప్పుడల్లా మురిసిపోయేదాన్ని. ఈసారి గట్టెక్కుతాడు, గట్టెక్కుతాడనుకుంటూ. పిచ్చిమొహంలా."

ఆబెల్ తలెత్తలేదు.

"నువ్వలా మురిసిపోతుంటే చూడ్డానికి బాగుండేది," అన్నాడు మెల్లిగా. "అందుకే చెప్పేవాణ్ణి."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. పద్నాలుగు నెలల్లో ఆమె తనదనుకున్న ఒకే ఒక సుఖం అది. అతను దాన్ని బిచ్చంలా వేశాడని ఇప్పుడు తెలిసింది.

"మీ నాన్న నిన్ను పిలిచి నీ తప్పేం లేదంటే సరిగ్గా రాస్తావా?" అని అడిగింది.

"ఆయన అనడు."

"ఒకవేళ అంటే?"

బ్రష్షు ఆగింది. "అంటే రాస్తాను," అన్నాడు. చిన్నపిల్లాడి గొంతు అది. పెళ్ళైన పదకొండేళ్ళలో ఆమె ఎప్పుడూ వినలేదు.

దేలియా లోపలికి వచ్చేసరికి ఫిదెన్సియో కిటికీలోంచి బండినే చూస్తున్నాడు. ఆమె ముక్కాలిపీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. వంటింట్లో ఎర్మీనియా చిక్కుళ్ళు ఏరుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మావయ్యా, మీతో ఒక మాట చెప్పాలి. కోపం తెచ్చుకోకండి."

"చె... ప్పు."

చెప్పింది. మూడు కాగితాలూ ఆయన మోకాళ్ళ మీద పరిచి సున్నాలు చూపించింది. త్రెవీన్యో గారి పెరడు సంగతి ఎత్తింది. కొడుకు పదిహేడు రోజులు లెక్కపెట్టుకున్న సంగతి కూడా చెప్పింది. ఆయన అడ్డు రాలేదు. కళ్ళు మాత్రం ఒక కాగితం మీంచి ఇంకో కాగితం మీదికి నెమ్మదిగా కదిలాయి.

"మీరు ఒక్క మాట అంటే చాలు. మీ కొడుకు మాట తప్పు కాదని."

ఫిదెన్సియో ఎడంచేత్తో పెదవులు తుడుచుకున్నాడు.

"వాడు... చెప్పింది... నిజమే."

దేలియాకి ప్రాణం లేచొచ్చింది. "ఆ మాటే, ఆ మాటే ఆబెల్ కి చెప్పండి. పిలుస్తాను ఉండండి."

లేవబోయింది. పెద్దాయన ఎడంచెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు గొట్టాలు బిగించిన చెయ్యి. సగం శరీరం చచ్చినా దానిలో బలం చావలేదు.

"వద్దు."

"ఎందుకు వద్దు?"

ఆయన కిటికీ వైపు గడ్డం ఎత్తాడు. బండి తలుపు మీద నల్ల అంకెలు ఎండకి మెరుస్తున్నాయి. పడిపోయేదాకా ఏటా వసంతంలో వాటికి రంగు ఆయనే వేసుకునేవాడు.

"అది... పోతుంది."

"పోతుంది మావయ్యా. అతనిది వస్తుంది. అతనూ సెర్నాయే కదా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. మాట కోసం చాలాసేపు వెతుక్కున్నాడు. దేలియా అందివ్వలేదు, అందిస్తే ఆయనకి గిట్టదు.

"నేను... పోయాక... తీయండి."

"అంతదాకా ఆగేది లేదు. తొమ్మిది రోజులే ఉంది. ఆబెల్ శుక్రవారం కూడా సున్నా తెచ్చుకుంటే..."

ఆమె మాట మధ్యలోనే ఆగిపోయింది. సున్నాలు చూపించినప్పుడు ఈ మనిషి ఆశ్చర్యపోలేదు. ఇదేమిటని అడగలేదు. ఒకప్పుడు అదే పరీక్ష రాసి గట్టెక్కినవాడు, లెక్క తెలిసినవాడు. ఫిబ్రవరిలో ఆబెల్ కాగితం తెచ్చి మొదట చదివి వినిపించింది ఈ కుర్చీ పక్కన కూర్చునే.

"మీకు ముందే తెలుసా?" అని అడిగింది.

ఫిదెన్సియో ఆమె మణికట్టు వదిలేశాడు.

"మొదటి... సారే."

"తెలిసీ ఊరుకున్నారా?"

ఆయన కంటి కొసన నీళ్ళు నిలిచాయి. పక్షవాతం వచ్చాక ఆ కన్ను ఎప్పుడూ అలాగే ఉంటుంది, కాబట్టి అది ఏడుపో కాదో చెప్పడం కష్టం. కొడుకు నేరం చేశానని కుమిలిపోతున్నాడని ఈయనకి తెలుసు. ఒక్క మాటతో ఆ బరువు దించొచ్చని తెలుసు. ఆ బరువు అక్కడున్నన్నాళ్ళూ తన నెంబరు తలుపు మీద ఉంటుందని కూడా తెలుసు.

దేలియాకి ఆయన్ని తిట్టాలనిపించింది. తిట్టలేకపోయింది. ఆ నెంబరు తప్ప ఆ మనిషికి ఇంకేం మిగల్లేదని కళ్ళెదుట కనిపిస్తోంది.

వంటింట్లో చిక్కుళ్ళ చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. గుమ్మంలో ఎర్మీనియా నిలబడి ఉంది. మొగుడి వంక చూస్తోంది. నలభై రెండేళ్ళ కాపురంలో మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది.

వెనక తలుపు తెరుచుకుంది. ఆబెల్ బూట్ల మట్టి గడప దగ్గర దులిపి లోపలికి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది, జుట్టు తడిపి దువ్వుకున్నాడు. తండ్రి పిలుస్తాడేమోనని బయట కుళాయి దగ్గర ముఖం కడుక్కుని వచ్చాడు.

"నాన్న ఏమన్నాడు?" అని భార్యని అడిగాడు.

ఎర్మీనియా గుమ్మంలోంచి పక్కకి జరిగింది.

"అడిగావా?"

"అడిగాను."

"మరి?"

జరిగింది జరిగినట్టు చెబితే శుక్రవారం వెళ్ళి రాస్తాడు. పంతం కొద్దీ ఇరవైకి ఇరవై తెస్తాడు. బండి గేటు దాటుతుంది. ఆ తర్వాత ఈ కిటికీ పక్కకి మాత్రం జన్మలో రాడు. తనని తక్కువ చేసిన తండ్రిని ఏ కొడుకైనా ఎప్పటికో క్షమిస్తాడు. తను కుళ్ళి చస్తుంటే చూస్తూ కూర్చున్న తండ్రిని ఎలా క్షమిస్తాడు?

"శుక్రవారం నువ్వు వెళ్ళకు," అంది దేలియా. "నేను రాస్తాను. నీతోపాటు ఆ నలభై గంటల తరగతికి నేనూ కూర్చున్నాను, నాకూ పరీక్ష రాయొచ్చని కాగితం ఇచ్చారు. సీటు దొరికితే నేను రాసి వస్తాను. నువ్వు ఎవరి మాటనీ తప్పు అనక్కర్లేదు."

ఆబెల్ కి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"ఇది నాన్న మాటా?" అన్నాడు. "నావల్ల కాదన్నాడా?"

ఆమె ఫిదెన్సియో వైపు చూసింది. 'లేదు' అనే చిన్న మాట ఆయన నోట సులువుగానే వస్తుంది. రోజుకి పదిసార్లు అంటాడు, కాఫీకీ, దుప్పటికీ, మందుకీ. ఇప్పుడు అంటాడేమోనని ఆగింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"అడుగుతున్నది నిన్ను," అన్నాడు ఆబెల్. "నేను పనికిరానన్నాడా?"

"అన్నారు," అంది దేలియా.

ఆబెల్ తల ఊపాడు. ఇంకో ఇద్దరు ముగ్గుర్ని అడిగినా ఇదే చెబుతారన్నట్టు ఊపాడు. తండ్రి ఒళ్ళోంచి జారిన ఒక కాగితాన్ని వంగి తీసి, మడత పడకుండా మళ్ళీ మోకాలి మీద పెట్టాడు.

"సరే నాన్నా," అన్నాడు.

టోపీ పెట్టుకుని వెళ్ళాడు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.

దేలియా పీట మీదే ఉండిపోయింది. ఎర్మీనియా వచ్చి ఆమె పక్కన నిలబడింది. పొద్దున్నుంచీ కోడలి మీద విసిరిన మాటల్లో ఒక్కటీ ఇప్పుడామె దగ్గర లేదు.

"ఆయన ఆ మాట అనలేదు," అంది అత్తగారు. "నేనక్కడే ఉన్నాను. అంతా విన్నాను."

"తెలుసు అత్తయ్యా."

"వాడికి ఏదైనా అనుమానం వస్తే నీ దగ్గరికి రాడు, వాళ్ళ నాన్న దగ్గరికీ రాడు. నన్నే అడుగుతాడు. చిన్నప్పట్నించీ అంతే. వాడికి నేనింతవరకూ ఒక్క అబద్ధం చెప్పలేదు."

బయట బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది.

"సాయంత్రం వచ్చి అడుగుతాడు," అంది ఎర్మీనియా. "నేనేం చెప్పను?"